సంత నాడు సర్వర్ పడిపోతే

మా గల్లాపెట్టె పక్కన అరచేతిలో ఇమిడే డబ్బా ఒకటి ఉంటుంది. ఎవరైనా ఫోనులో డబ్బు కొడితే ఎంత పడిందో తెలుగులో పైకి చదువుతుంది. సంత నాడు పొద్దున ఏడింటికి నోరు తెరిచిందంటే పొద్దుగూకే దాకా దానికి విశ్రాంతి లేదు. మొన్నటి చింతపండు కాలంలో ఒక సంత నాడు, పదకొండు గంటల వేళ, అది ఉన్నట్టుండి మూగబోయింది.

సాలూరులో మాది కిరాణా కొట్టు, వెనక చిన్న గోదాము. కొండ మీద నుంచి దిగే చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు, పసుపు, చోళ్లు కొంటాం. ఉప్పు, నూనె, పప్పు, సబ్బులు అమ్ముతాం. మా తాత మొదలుపెట్టాడు, మా నాన్న నడిపాడు, ముప్పై ఏళ్లుగా నేను కూర్చుంటున్నాను. కాటా, పద్దు పుస్తకం, గల్లాపెట్టె, ఈ మూడూ సరిగా ఉంటే వ్యాపారం సరిగా ఉన్నట్టేనని మా నాన్న అనేవాడు. ఇప్పుడు నాలుగోది వచ్చి చేరింది. దాని బాగోగులు నా చేతిలో లేవు.

ఆ రోజు నా ఎదురుగా కొండ ఊరి నుంచి వచ్చిన ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. రెండు బుట్టల చింతపండు, పిక్క తీసినది. తూకం అయింది, సరుకు నా కుప్పలో కలిసిపోయింది. మూడు వేల ఎనిమిది వందలు లెక్క తేలింది. వెంట వచ్చిన కొడుకు ఫోను చూపించి, "దీనికి కొట్టేయండి బాబూ, నోట్లెందుకు" అన్నాడు. కొట్టాను. నా ఖాతాలో డబ్బు తగ్గినట్టు సందేశం వచ్చింది. అతని ఫోనులో గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం, రెండు, పది. అతను ఫోను పైకెత్తి కొట్టు ముందుకి, వీధి మధ్యకి నడిచి చూశాడు. పక్క కొట్లోనూ అదే తంతు. ఎదురు వీధి మందుల షాపాయన చేత్తో 'లేదు' అని సైగ చేశాడు.

ఆవిడ కొడుకు ఫోను వైపు చూడలేదు. నా ముఖం చూసింది.

"ఏటైనాది సావుకారి బాబూ? మా గుంటడి ఫోనులో పడనేదంట."

"నా దగ్గర తెగిందమ్మా. మధ్యలో ఎక్కడో ఆగింది. సాయంత్రానికి పడుతుంది."

"సాయంత్రం దాకా ఉంటే జీపు ఎల్పోతాది బాబూ. ఉప్పు కొనాలి, నూని కొనాలి. డబ్బులు మరేటి చేత్తాం?"

నా దగ్గర తెగిందన్నది నిజమే, ఆవిడ అడిగినదీ నిజమే. కానీ ఆవిడ సరుకు నా గోదాములో ఉంది, డబ్బు ఎవరి దగ్గరా లేదు. నాకు ఏ నష్టమూ కనపడని చోట ఆవిడకు మొత్తం నష్టం కనపడుతోంది. గల్లాపెట్టె తీసి మూడు వేల ఎనిమిది వందలూ లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ నోట్లు మళ్లీ లెక్కపెట్టుకొని కొంగున ముడివేసి, ముడిని రొంటిన దోపుకొని, అప్పుడు ఉప్పు అడిగింది. ఫోనులో ఆగిన మొత్తం రెండో రోజు పొద్దున నా ఖాతాకే తిరిగి వచ్చింది. మరి ఆ రోజు నా గల్లాలో అంత రొక్కం లేకపోతే? ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలడం లేదు.

ఆ డబ్బు ఎక్కడ ఆగింది అని అడిగితే బ్యాంకు కంప్యూటర్ల పనిలో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు. నేను వేలు పెట్టి నొక్కగానే నా డబ్బు తిన్నగా ఆ కుర్రాడి ఫోనులోకి వెళ్లదు. నా యాప్ వెనక ఒక బ్యాంకు ఉంటుంది, ముందు మాట అక్కడికి పోతుంది. అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే పెద్ద స్విచ్‌కి. రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం కలిసి 2008లో పెట్టిన సంస్థ అది. ఆ స్విచ్ నా ఖాతా ఉన్న బ్యాంకుతో 'ఇంత తీయి' అంటుంది. తీశానని జవాబు వచ్చాక అవతలి బ్యాంకుతో 'ఇంత వేయి' అంటుంది. వేశానని ఆ జవాబు కూడా వచ్చాకే అవతలి ఫోనుకి కబురు అందుతుంది. ఇన్ని చేతులు మారే పని కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది కాబట్టి మనకి తెలియదు. తీసిన తర్వాత, వేసే ముందు, ఏదో ఒక చోట జవాబు రాకపోతే లెక్క త్రిశంకు స్వర్గంలో పడుతుంది. డబ్బు పోదు. రాత్రి మేం పద్దు పుస్తకం సరిచూసుకున్నట్టే బ్యాంకులు వాటి పద్దులు సరిచూసుకొని, తేడా వచ్చినదాన్ని ఎవరిది వారికి తిప్పుతాయి. ఈ తిప్పడానికి పట్టే కాలమే సంతకు వచ్చిన మనిషికి గండం.

తప్పు ఎవరిదన్నది కూడా వాళ్లు రెండు రకాలుగా రాసుకుంటారట. రహస్య సంఖ్య తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు లేకపోవడం మన వల్ల వచ్చినవి. వాటిని బిజినెస్ డిక్లైన్ అంటారు. బ్యాంకు యంత్రమో స్విచ్చో జవాబివ్వకపోతే టెక్నికల్ డిక్లైన్. ఏ బ్యాంకుకి ఇవి ఎంత శాతమో నెలనెలా బయటపెడతారు కూడా. ఆ పట్టిక గురించి విన్నప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. కాటా రాళ్లను తనిఖీ చేసి ముద్ర వేసినట్టే ఇది. కొట్టు ముందు నిలబడిన మనిషికి మాత్రం రెండూ ఒకటే, డబ్బు పడలేదు, అంతే.

మా ఊరికి ఇది మరీ సున్నితం. పార్వతీపురం మన్యం జిల్లాలో కొండ అంచున ఉన్న ఊరు మాది. విజయనగరం వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి, పాత లెక్కలో 43, ఇప్పుడు 26, మా ఊరు దాటగానే సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి మీదుగా కొరాపుట్ వైపు పోతుంది. ఘాటీలో రోడ్డు పని జరుగుతుంటే కేబులు తెగుతుంది. వాన గట్టిగా పడితే కరెంటు పోతుంది, టవరు బ్యాటరీ కొంతసేపు లాగి ఆగిపోతుంది. పాచిపెంట కొండల్లోకి, కొటియా గ్రూపు ఊళ్లయిన గంజాయిభద్ర, పట్టుచెన్నూరు వైపు వెళ్లే దారిలో కొన్ని మలుపుల దగ్గర మాత్రమే సిగ్నల్ దొరుకుతుంది. ఆ మలుపుల దగ్గర బండ్లు ఆపి నిలబడే కుర్రాళ్లను చూస్తే పూర్వం పోస్టు జవాను కోసం ఎదురుచూసిన మనుషులు గుర్తొస్తారు.

అయినా సిగ్నల్ సరిగా ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదని 2025లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మార్చి 26 సాయంత్రం ఈ ఫోను చెల్లింపులను నడిపే యూపీఐ ఆగింది. మళ్లీ ఏప్రిల్ 12న, శనివారం, గంటల తరబడి మొరాయించింది. తుపాను లేదు, దొంగ దాడి లేదు. తర్వాత తేలిన కారణం ఇది: కొన్ని బ్యాంకుల యంత్రాలు 'ఆ లావాదేవీ ఏమైంది' అని స్విచ్‌ని అదే పనిగా అడిగాయి, పాతవాటి గురించి కూడా అడిగాయి. సంతలో ఒక గుమాస్తా చుట్టూ వందమంది చేరి 'నా లెక్క ఏమైంది' అని ఒకేసారి అరిస్తే అతను కొత్త తూకం వేయలేడు కదా, అదే జరిగింది. ఆ తర్వాత ఆగస్టు 1 నుంచి అడగడానికి హద్దులు పెట్టారు. ఒక యాప్‌లో రోజుకి 50 సార్లకి మించి నిల్వ చూసుకోకూడదన్న నియమం అప్పుడే వచ్చింది. 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ 2025 ఆగస్టులో ఒక్క నెలలో రెండు వేల కోట్ల లావాదేవీలు దాటింది. ఇంత బరువు మోసే యంత్రం ఎప్పుడైనా ఆగడంలో వింత లేదు. అది ఆగే రోజు వస్తుందని ముందే తెలిసీ మనం ఏ ఏర్పాటూ చేసుకోకపోవడమే నాకు మింగుడుపడదు.

నోటుకి మాత్రం ఏ గండమూ లేదా అంటే, ఉంది. అది నేను కళ్లారా చూశాను.

2016 నవంబరు 8, మంగళవారం, రాత్రి ఎనిమిది గంటలకు ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయినట్టు ప్రకటించారు. చలామణిలో ఉన్న డబ్బు విలువలో నూటికి 86 వంతులు ఆ రెండు నోట్లే. లారీల ఊరు మాది, బాడీలు కట్టే షెడ్లు, మెకానిక్కులు, టైర్ల కొట్లు, బుకింగ్ ఆఫీసులు, అన్నీ రోజు కూలీ మీద, రోజు బత్తా మీద నడిచేవి. నెల రోజులు ఊరికి ఊపిరి ఆడలేదు. కొత్త రెండు వేల నోటు కొలత వేరు కావడంతో ఏటీఎంలను ఒక్కొక్కటిగా సర్దాల్సి వచ్చింది. జాతీయ రహదారుల మీద డిసెంబరు 2 దాకా టోల్ వసూలే ఆపేశారు. కొండ మీద నుంచి సరుకు దిగింది, కొనడానికి మా దగ్గర చెల్లే నోటు లేదు. అరువు రాసుకున్నాను. జీవితంలో మొదటిసారి నేను వాళ్లకి బాకీ పడ్డాను. ఎప్పుడూ ఆ లెక్క ఇటు నుంచి అటే ఉండేది.

ఆ మరుసటి ఏడు చింతపండు కాలానికి ఒక ముసలాయన కొట్టుకి వచ్చాడు. చేతిలో మూరెడు వెదురు గొట్టం. ఒక కొసన గుడ్డ కుక్కి ఉంది. ఆ గుడ్డ పీకి గొట్టం బల్ల మీద తట్టాడు. చుట్టగా చుట్టిన నోట్లు జారాయి. ఏడు, అన్నీ పాత ఐదు వందలు. పొయ్యి మీది అటక పొగకి గోధుమరంగు తిరిగి ఉన్నాయి. మనవరాలి పెళ్లికని దాచాడట. బ్యాంకుల్లో వేసుకోవడానికి గడువు 2016 డిసెంబరు 30తోనే పోయింది. ఆ సంగతి ఆయన దాకా ఎవరూ తీసుకెళ్లలేదు. నేను నోట్లు చేతిలోకి తీసుకొని చాలాసేపు ఏమీ అనలేకపోయాను. చెల్లవని చెప్పాక ఆయన కోప్పడలేదు. వాటిని మళ్లీ అదే గొట్టంలోకి దూర్చి, గుడ్డ కుక్కుకొని వెళ్లిపోయాడు.

కాబట్టి నోటు అంటే రాయి, యంత్రం అంటే గాలి అనే మాట నేను ఒప్పుకోను. రెండూ దూరాన ఎవరో ఇచ్చిన మాట మీదే నిలబడతాయి. తేడా ఎక్కడంటే, నోటు విషయంలో ఆ మాట తరానికోసారి తప్పితే తప్పవచ్చు. యంత్రం విషయంలో ప్రతి చెల్లింపుకీ ఆ మాట కొత్తగా అడగాలి, ప్రతిసారీ జవాబు రావాలి. నా చేతిలోంచి ఆవిడ కొంగులోకి నోటు వెళ్లేటప్పుడు మేమిద్దరం తప్ప మూడో మనిషి అక్కర్లేదు. అందుకే నోట్ల రద్దు తర్వాత కూడా జనం నోటుని వదల్లేదు. 2016 నవంబరు నాటికి దేశంలో చలామణిలో ఉన్నది 17 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు. 2025 మార్చి నాటికి అది 36 లక్షల కోట్లు దాటింది. యూపీఐ పెరిగింది, నోటూ పెరిగింది.

యంత్రం చేసిన మేలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మా బావమరిదికి రెండు లారీలు ఉండేవి, ఇప్పుడు మూడు. పదిహేనేళ్ల కిందట డ్రైవరు రాయపూర్ వెళ్తున్నాడంటే డీజిలు, బత్తా, దారి ఖర్చు అన్నీ కలిపి ముప్పై నలభై వేలు సీటు కింద పెట్టుకొని బయలుదేరేవాడు. ఇంట్లో ఆడవాళ్లు నిద్రపోయేవారు కాదు. రాత్రిపూట అడవిదారిలో బండి ఆగితే డ్రైవరు ప్రాణం ఆ సీటు కింద ఉన్న డబ్బుతో ముడిపడి ఉండేది. ఇప్పుడు ఎక్కడ డీజిలు పోయిస్తే అక్కడికి డబ్బు కొడతారు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ దగ్గర నోట్లు లెక్కపెట్టే పని లేదు. డ్రైవరు జేబులో టీ డబ్బులు తప్ప ఏమీ లేవని దారిదోపిడీవాళ్లకీ తెలుసు. ఎన్ని ప్రాణాలు ఇలా నిలిచాయో ఎవరూ లెక్క కట్టలేదు, నేను మాత్రం మా ఊళ్లో రోజూ చూస్తున్నాను.

అదే దారిలో ఒక రాత్రి మా బావమరిది బండి ఘాటీ అవతల ఒక డీజిల్ బంకులో చిక్కుకుపోయింది. డీజిలు పోశాక డబ్బు కొట్టారు. ఇక్కడ తెగింది, అక్కడ పడలేదు. మళ్లీ కొట్టారు, మళ్లీ అంతే. అరవై వేలు దాకా గాలిలో ఉన్నాయి, బండి మాత్రం కదలడానికి లేదు. బంకువాడి తప్పు లేదు, అతను యజమానికి లెక్క చెప్పుకోవాలి. డ్రైవరు జేబులో రెండు వందల పది రూపాయలు. నాలుగు గంటలు అక్కడే. చివరికి సాలూరు నంబరు పలక ఉన్న లారీ ఒకటి ఆ బంకులోకి వచ్చింది. ఆ డ్రైవరు ఎవరో వీళ్లకి సరిగా తెలియదు, ఊరు ఒకటే, అంతే. తన దగ్గరున్న రొక్కం, పక్క బండి క్లీనరు దగ్గర దొరికినది కలిపి ఇచ్చి పంపాడు. ఆ తర్వాత మా బావమరిది మూడు లారీల్లోనూ డాష్‌బోర్డు వెనక ఒక కవరు అతికించాడు, పది వేలు, మైనం ముద్ర వేసి. తెరిస్తే చెప్పాలి, తిరిగి వచ్చాక నింపాలి. ఇప్పుడు మా ఊరి లారీలు చాలావాటిలో అలాంటి కవరు ఉంది.

లారీకి కవరు పెట్టుకోవచ్చు. కొండ మీద ముసలమ్మకి అంత వెసులుబాటు లేదు. ఆమెకీ బ్యాంకు ఖాతాకీ మధ్య ఉన్నది వేలిముద్ర.

2014 ఆగస్టు 28న జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాక కొండ ఊళ్లలో కూడా దాదాపు ఇంటింటికీ ఖాతా వచ్చింది. డబ్బు తీసుకోవడానికి బ్యాంకు దాకా రానక్కరలేదు, బ్యాంకు మిత్ర దగ్గర చిన్న యంత్రం మీద వేలు పెడితే ఆధార్‌తో సరిచూసి డబ్బు ఇస్తారు. గొప్ప ఏర్పాటు, కాదనను. మా కొట్టుకి రెండిళ్ల అవతల అలాంటి పాయింటు ఒకటి ఉంది. సంత నాడు అక్కడ వరుస కడతారు. ఒకసారి గంటసేపు నిలబడి చూశాను. చింతపిక్కలు తీసిన వేళ్లు, చీపురుపుల్ల కోసిన వేళ్లు, పోడు నేల తవ్విన వేళ్లు. కుడి బొటనవేలు పెడితే ఎర్రలైటు. చూపుడువేలు పెడితే ఎర్రలైటు. ఆ కుర్రాడు ఓపికైనవాడు, తడి గుడ్డతో తుడిపిస్తాడు, తలకి రాసుకున్న ఆముదం వేలికి రాయిస్తాడు, మళ్లీ నొక్కిస్తాడు. పదింటిలో నాలుగు వేళ్లు అరిగిపోయినావిడ ఒకరు ఎడమ చిటికెనవేలు పెట్టినప్పుడు పచ్చలైటు వెలిగింది. వెలిగాక తెర మీద 'సర్వర్ బిజీ' అని పడింది. యంత్రం ఆమెను గుర్తుపట్టింది, డబ్బు మాత్రం రాలేదు. కూలి పని చేయడం వల్లే కూలి డబ్బు తీసుకోలేకపోవడం కంటే బాధ నాకు ఇంకొకటి తోచదు.

ఒక్కోసారి అంతకంటే ఇబ్బంది. ఖాతాలో డబ్బు తగ్గినట్టు చూపిస్తుంది, కుర్రాడి చేతికి మాత్రం ఇవ్వమన్న జవాబు రాదు. వాళ్లు అతని ముఖం చూస్తారు, అనుమానం అతని మీదికి పోతుంది. యంత్రం తప్పుకి మనుషుల మధ్య నమ్మకం పోతుంది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక ఉత్తర్వు ఇచ్చింది, దాన్ని ప్రతి పంచాయతీలోనూ గోడ మీద రాయించాలని నా కోరిక. ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి యూపీఐలో పంపినది ఆగితే ఆ మరునాటిలోగా తిరిగి వేయాలి. కొట్లో కట్టినది ఆగినా, ఏటీఎం డబ్బు ఇవ్వకుండా ఖాతాలో కోసినా, ఐదు రోజుల్లోగా సరిచేయాలి. ఆ గడువు దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున బ్యాంకే, అడగకుండానే, పరిహారం వేయాలి. వేయకపోతే ముందు బ్యాంకుకి ఫిర్యాదు రాసి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఖర్చు లేదు. 14448కి ఫోను చేస్తే ఎలా రాయాలో చెబుతారు. నేను ఇలా ముగ్గురికి రాసిపెట్టాను, ఇద్దరికి వంద చొప్పున లెక్క కట్టి వచ్చింది.

అయితే ఆ వంద రూపాయల లెక్క నాకు తృప్తినివ్వదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఆగిన డబ్బు కోసం ఒక మనిషి కొండ దిగి వచ్చి, జీపు ఖర్చు పెట్టుకొని, రోజంతా నిలబడి, ఉత్త చేతులతో వెళ్తే ఆ రోజు కూలి పోయింది. రెండోసారి వస్తే రెండు రోజుల కూలి. బ్యాంకు పరిహారం ఆరో రోజు నుంచి లెక్క. ఆమె నష్టం మొదటి గంట నుంచి లెక్క. యంత్రం ఎంత గొప్పదైనా, అది ఆగిన రోజు నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదే నేను అడిగే ఒకే ఒక్క ప్రశ్న. ఇప్పుడు అది అందరికంటే తక్కువ ఉన్నవాళ్ల నెత్తిన పడుతోంది.

దీనికి దారి లేదా అంటే, మన రాష్ట్రంలోనే పింఛన్ల పంపిణీలో చూశాను. 2024 ఎన్నికల వేళ, వాలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచాలని ఎన్నికల సంఘం చెప్పడంతో, మే నెల పింఛను చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. కాగితం మీద అంతకంటే సులువైన పని లేదు. కానీ నడవలేని ముసలివాళ్లు ఎండలో ఆటోలు ఎక్కి బ్యాంకుల ముందు బారులు తీరారు. జూలై 1 నుంచి సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగి నోట్లే చేతికిస్తున్నారు, వృద్ధులకి నెలకి నాలుగు వేలు. గుర్తుపట్టడం ఫోనులో, వేలిముద్రతోనో ముఖంతోనో. లెక్క యంత్రంలో ఉంటుంది, డబ్బు చేతికి అందుతుంది. ఎవరు నడవగలరో వాళ్లే నడుస్తున్నారు, ఎవరు నడవలేరో వాళ్లు గడప దగ్గర కూర్చుంటున్నారు. ఈ పద్ధతిలో నాకు ఎంతో వివేకం కనిపిస్తుంది.

పెద్ద ఊళ్లకి ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నేను సరుకు కోసం విశాఖ వెళ్లి బంధువుల ఇంట్లో చిక్కుకుపోయాను. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం చీకటి పెట్టె. అంత నగరంలో పాలు, నీళ్లు, కూరగాయలు నోటుకే దొరికాయి, అది కూడా చిల్లర ఉన్నవాడికే. యూపీఐ అప్పటికి పుట్టలేదు. అదే తుపాను ఇవాళ వస్తే జేబులో నోటే లేని కుర్రాళ్లు ఆ నగరంలో ఎన్ని లక్షలమంది! 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేరు సంస్థ సరిగా లేని మార్పు పంపితే ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్లు ఆగాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. అదే నెలాఖరున, చిన్న బ్యాంకులకి యంత్రసేవలు అందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద సైబర్ దాడి జరిగితే మూడు వందల వరకు సహకార, గ్రామీణ బ్యాంకులను చెల్లింపుల వలయం నుంచి విడదీశారు, మర్నాటికి కలిపారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు మొత్తం పోయినప్పుడు జనం నోట్ల కోసం వెతుక్కున్నారు. నోటు దాదాపు మరిచిపోయిన స్వీడన్‌లో కూడా ఆపద కోసం ఇంట్లో కొంత రొక్కం ఉంచుకోమని ప్రభుత్వమే చెబుతోంది.

సాంకేతికం తెలిసినవాళ్లు కూడా ఊరుకోలేదు. మామూలు బటను ఫోనుతో డబ్బు పంపే యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. యూపీఐ లైట్ అని ఇంకొకటి ఉంది. కొద్ది మొత్తం ముందే ఫోనులో వేసి ఉంచుకుంటే చిన్న చెల్లింపులకి ప్రతిసారీ మన బ్యాంకు పెద్ద యంత్రాన్ని లేపనక్కరలేదు. మా కొట్టుకి వచ్చే కాలేజీ పిల్లలకి అది పెట్టించాను, టీ బిస్కెట్ల బేరం దాదాపు ఆగడం లేదు. నెట్ లేకుండా ఫోను నుంచి ఫోనుకి డబ్బు దాటే పద్ధతి కొండ ఊళ్ల దాకా, చవక ఫోన్ల దాకా రావాలి. అది వచ్చిన రోజు సావుకారిగా నాకంటే సంతోషించేవాడు ఉండడు.

అంతవరకూ బ్యాంకులు సంత ఊళ్లలో ఏటీఎంలను ఖాళీగా ఉంచకూడదు. పది, ఇరవై, యాభై నోట్లు సరిపడా పంపాలి. ఇప్పుడు చిన్న నోటుకి నేను ప్రతివారం బతిమాలుకోవలసి వస్తోంది. 'చిల్లర ఎందుకండీ, అందరూ ఫోనే కదా' అంటారు కౌంటరులో. అందరూ ఫోనే కాదు. మా గుమ్మం ముందు నిలబడే మనుషులను చూస్తే తెలుస్తుంది. శంబర పోలమాంబ జాతరకి మా చెల్లెలి కొడుకు కొట్టు పెట్టాడు. సిరిమాను నాడు జనం లక్షల్లో చేరేసరికి ఫోనులో అన్ని గీతలూ నిండుగా ఉన్నా ఒక్క చెల్లింపూ కదల్లేదు. చిల్లర ఉన్న కొట్లు అమ్ముకున్నాయి, లేనివాళ్లు పిల్లల చేతిలోంచి బూరలు, గిలకలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

చింతపండు ఆవిడ ఆ తర్వాతి నెల మళ్లీ వచ్చింది. ఈసారి కొడుకు రాలేదు, కోడలు వచ్చింది. తూకం అయ్యాక నేను ఫోను తీసి "దేనికి ఇమ్మంటావమ్మా?" అన్నాను. కోడలు ఫోను చూపించబోయింది. ఆవిడ ఆమె చేయి పట్టుకొని ఆపి, "సగం దానికి కొట్టు బాబూ, పిల్లడి కాలేజీకి అక్కడుండాలి. సగం నా సేతికియ్యి" అంది. సగం కొట్టాను. కోడలి ఫోనులో పడినట్టు సందేశం వచ్చే దాకా ఇద్దరూ నిలబడి చూశారు. మిగతా సగం చిన్న నోట్లుగా లెక్కపెట్టి ఇస్తే ఆవిడ తిరిగి లెక్కపెట్టుకొని కొంగున ముడివేసుకుంది.

రేపు సంత. ఇవాళ మధ్యాహ్నం బ్యాంకులో గంటన్నర నిలబడితే పది రూపాయల కట్టలు రెండు, ఇరవైల కట్ట ఒకటి ఇచ్చారు. గల్లాలో పెట్టి తాళం వేశాను. డబ్బాకి చార్జింగు పెట్టాను.